పావురానికి జలుబు చేస్తే మన మందుల డబ్బా తెరవకండి

హైదరాబాద్ పాతబస్తీ డాబాల మీద పావురాల గూళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళూ, ఊళ్ళో పెంకుటింటి చూరు కింద గువ్వలకు నూకలు చల్లినవాళ్ళూ మనలో చాలామందే ఉన్నారు. కెనడా వచ్చి, సొంత ఇల్లు, వెనక కాస్త పెరడు అమరాక ఒక జత పావురాలు తెచ్చుకుంటే బాగుండుననిపించడం సహజం. ఇక్కడ కేంబ్రిడ్జ్‌లో మా ఇంట్లోనూ మూడు ఉన్నాయి. అందుకే చలి మొదలవగానే తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "అక్కా, మా పావురం తుమ్ముతోంది. ఇండియా నుంచి తెచ్చిన అమాక్సిసిలిన్ ఉంది. ఎంత వెయ్యమంటావు?"

అసలు వెయ్యొద్దు అన్నదే నా జవాబు. ఎందుకో వివరంగా చెబుతాను. నేను డాక్టర్ని కాను, డిగ్రీలో జువాలజీ చదువుకున్న గృహిణిని. కాబట్టి మోతాదులు రాయను. జబ్బును ఎలా గుర్తుపట్టాలి, డాక్టర్ దగ్గర ఏం అడగాలి, ఇంట్లో ఏం చెయ్యాలి అన్నంత వరకే ఈ వ్యాసం.

పక్షి ఊపిరి వేరు

మనకు ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండరపు పొర ఉంటుంది. అది కిందికీ పైకీ కదిలితే గాలి లోపలికీ బయటికీ వెళ్తుంది. పక్షులకు అది లేదు. వాటి ఊపిరితిత్తులు చిన్నవి, పెద్దగా సాగవు. వాటికి తోడు పొట్ట దాకా, కొన్ని ఎముకల లోపలి దాకా వ్యాపించిన పల్చటి గాలి సంచులు తొమ్మిది ఉంటాయి. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదులుతూ కొలిమితిత్తిలా ఆ సంచులను ఆడిస్తుంది.

దీనివల్ల మనం గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, పావురాన్ని రొమ్ము మీద గట్టిగా పట్టుకుంటే దానికి ఊపిరి ఆడదు. పిల్లలకు ముందుగా నేర్పాల్సింది ఇదే. రెండోది, గాలి సంచులకు రక్తప్రసారం తక్కువ. అక్కడ చేరిన రోగం తొందరగా పోదు, మందు కూడా తొందరగా చేరదు. పావురం జలుబు మన జలుబులా మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుందని ఎదురుచూడకూడదు.

రోజూ రెండు నిమిషాలు చూడండి

పక్షి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపిస్తే గద్ద ముందుగా దాన్నే తన్నుకుపోతుంది కాబట్టి ఆ స్వభావం వచ్చింది. మన కంటికి జబ్బుగా కనబడిందంటే లోపల చాలా రోజులుగా ముదిరి ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాన్ని చూసి పెట్టుకోవాలి.

ముక్కు మీద తెల్లటి సుద్ద పూసినట్టుండే బుడిపె చూడండి. పెద్ద పావురానికి అది తెల్లగా, పొడిగా ఉండాలి. తడిసి బూడిదరంగుకు తిరిగితే ముక్కు కారుతోందని అర్థం. పిల్లలకు మేపే తల్లిదండ్రులకు, బాగా చిన్న పావురాలకు ఈ గుర్తు సరిపోదు.

కళ్ళు చూడండి. ఒక కన్ను మాత్రమే తడిగా, ఉబ్బి, చుట్టూ ఈకలు అంటుకుపోయి ఉంటే పావురాలు పెంచేవాళ్ళు దాన్ని 'ఒంటికన్ను జలుబు' అంటారు. అది రోగం కావచ్చు, పక్కది పొడిచిన దెబ్బ కూడా కావచ్చు.

వంటింటి తూకం మీద వారానికోసారి, మేత వెయ్యకముందు తూచి రాసిపెట్టండి. మామూలు పావురం 300 నుంచి 400 గ్రాములు, పందెం జాతివి 500 దాకా ఉంటాయి. 350 గ్రాముల పావురం 315కు దిగితే పదో వంతు పోయినట్టు. ఈకలు దట్టంగా ఉండటం వల్ల కంటికి తెలియదు, తూకానికి తెలుస్తుంది.

రాత్రి దీపం ఆర్పాక గూటి దగ్గర ఒక నిమిషం నిలబడి వినండి. గురక, గరగర, టిక్కు టిక్కుమనే చప్పుడు పగటి సందడిలో వినబడవు.

ఎగిరివచ్చాక కాసేపు నోరు తెరవడం మామూలే. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతున్నా, మెడ చాపి ఎగశ్వాస పెడుతున్నా, నోటి లోపల నీలంగా కనిపిస్తున్నా రేపటి దాకా ఆగకండి. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

పైకి ఒకే జలుబు, లోపల ఎన్నో కారణాలు

అసలు చిక్కంతా ఇక్కడే. బయటికి ఒకేలా కనిపించే లక్షణాల వెనక వేర్వేరు జబ్బులుంటాయి. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచెయ్యదు.

క్లమిడియా సిట్టాసి అనే బాక్టీరియా కళ్ళు, ముక్కు కారేలా చేస్తుంది, ఆకుపచ్చటి రెట్టలూ రావచ్చు. మనుషులకూ అంటుతుంది. దీనికి సాధారణంగా వాడేది డాక్సీసైక్లిన్. అదీ వారం కాదు, పాత పద్ధతి ప్రకారం 45 రోజులు.

మైకోప్లాస్మా ఇంకో బాక్టీరియా. మన ఊరి కోళ్ళఫారాల్లో గురక వ్యాధి అని వినే ఉంటారు, అదీ ఈ కుటుంబపు సూక్ష్మజీవి పనే. అమాక్సిసిలిన్ బాక్టీరియా కణపు గోడ కట్టుకోకుండా అడ్డుపడి చంపుతుంది. మైకోప్లాస్మాకు ఆ గోడే లేదు. ఇక అది దేన్ని అడ్డుకోవాలి? టైలోసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి దీని మీద వేరే దారిలో పనిచేస్తాయి.

క్యాంకర్ బాక్టీరియా కాదు, ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి. గొంతులో పసుపుపచ్చటి జున్నుముక్కల్లా పేరుకుని గాలి దారి మూస్తుంది. తల్లిదండ్రులు నోట్లో పెట్టే 'పావురం పాల' ద్వారా పిల్లలకు, ఒకే నీళ్ళగిన్నె ద్వారా పెద్దవాటికి అంటుతుంది. దీనికి మెట్రోనిడజోల్ కుటుంబపు మందులు కావాలి. ఆ పసుపు ముక్కలను పుల్లతో గీకితే రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. పెరట్లో కోళ్ళున్నవాళ్ళు ఇంకొకటి గమనించాలి. గుడ్లకూ మాంసానికీ పెంచే పక్షులకు ఈ కుటుంబపు మందులు కెనడాలో నిషిద్ధం.

ఆస్పర్‌జిల్లస్ బూజు. తడిసిన గడ్డి, ముక్కిన మొక్కజొన్న నుంచి గాలిలో కలిసి ఊపిరిలోకి పోతుంది. చాప కింద నీరులా ముదురుతుంది. దీనికి ఫంగస్ మందులు వారాలూ నెలలూ వాడాలి. యాంటీబయాటిక్ దీన్ని తగ్గించదు సరికదా, బూజును అదుపులో ఉంచే మంచి సూక్ష్మజీవులను చంపి పెంచవచ్చు.

హెర్పిస్ వైరస్ చాలా పావురాల్లో నిద్రపోతూ ఉంటుంది. ప్రయాణం, చలి, గూడు ఇరుకవడం లాంటి ఒత్తిడి తగిలితే లేస్తుంది. ఇక కోళ్ళ కొక్కెర తెగులు వైరస్‌కు దగ్గరి చుట్టమైన పారామిక్సో వైరస్ పావురాల్లో ఎక్కువగా నరాలను పట్టుకుంటుంది. మెడ తిరిగిపోవడం, గింజను గురిచూసి పొడవలేకపోవడం, నీళ్ళలాంటి రెట్టలు దాని గుర్తులు. దానికి మందు లేదు, టీకా ఉంది. డాక్టర్ని అడగండి.

రోగమే లేకుండా గాలి వల్ల వచ్చే ఇబ్బంది కూడా ఉంది. దాని సంగతి కింద చెబుతాను.

కిందటి శీతాకాలం తెలిసిన కుటుంబం ఒకటి తమ పావురానికి పది రోజులు అమాక్సిసిలిన్ నీళ్ళలో కలిపి పెట్టింది. ఎంతో శ్రద్ధగా చేశారు. పదకొండో రోజు డాక్టర్ నోరు తెరిచి చూస్తే గొంతు నిండా క్యాంకర్. అప్పటికే ఆలస్యమైంది. ఆ ఇంటి ఎనిమిదేళ్ళ పాప ఇప్పటికీ ఖాళీ గూటిని తియ్యనివ్వడం లేదు.

డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది

2018 డిసెంబర్ 1 నుంచి కెనడాలో మనుషుల వైద్యానికి ముఖ్యమైన యాంటీబయాటిక్స్‌ను జంతువులకు కూడా ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మరు. ఫీడ్ స్టోర్‌లో పొడి పొట్లం కొనుక్కునే పాత పద్ధతి లేదు. విసుక్కునేవాళ్ళున్నారు గానీ, పైన చెప్పిన జాబితా చూస్తే ఆ నియమం ఎందుకో తెలుస్తుంది.

కుక్కలనూ పిల్లులనూ చూసే ప్రతి క్లినిక్‌లో పావురాలను చూడరు. జబ్బు రాకముందే నాలుగు ఫోన్లు చేసి, ఎవరు చూస్తారో కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. మన అదృష్టం, పక్కనే గ్వెల్ఫ్‌లో ఒంటారియో వెటర్నరీ కాలేజీ ఉంది. 1862లో టొరంటోలో మొదలై 1922లో గ్వెల్ఫ్‌కు మారిన ఈ కాలేజీ ఆసుపత్రిలో పక్షులకు ప్రత్యేక విభాగం ఉంది. రిఫరల్ కావాలేమో ముందే ఫోన్ చేసి అడగండి. గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలోనే జంతువుల రోగనిర్ధారణ ల్యాబ్ కూడా ఉంది. మీ డాక్టర్ తీసిన నమూనాలు అక్కడికి పంపించవచ్చు.

మీరు అడగవలసిన పరీక్షలు ఇవి. గొంతు నుంచి పుల్లతో తీసిన తడిని అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద చూస్తే క్యాంకర్ జీవులు ఈదుతూ కనిపిస్తాయి. క్లమిడియా, మైకోప్లాస్మాలకు స్వాబ్ తీసి పీసీఆర్ చేస్తారు. బూజు అనుమానముంటే ఎక్స్‌రే. ఎక్కువ పావురాలుంటే కొన్నిటి నమూనాలు కలిపి ఒకే పరీక్ష చెయ్యవచ్చేమో అడగండి, ఖర్చు కలిసివస్తుంది. యాంటీబయాటిక్ పడకముందు తీసిన నమూనాకే విలువ ఎక్కువ. మన డబ్బాలో మాత్ర ముందే వేస్తే పరీక్షలో రోగం దాక్కోవచ్చు.

వెళ్ళేటప్పుడు బరువు రాసిన కాగితం, ఊపిరి తీస్తున్న ఒక నిమిషం వీడియో, ఆ రోజు రెట్టలు పడిన కాగితం పట్టుకెళ్ళండి. క్లినిక్‌లో భయంతో పావురం బిగుసుకుపోతుంది, ఇంట్లో పడే పాట్లు అక్కడ చూపించదు.

మందు మొదలయ్యాక

డాక్సీసైక్లిన్ కాల్షియంతో కలిస్తే ఒంటికి పట్టదు. అందుకే ఆ మందు నడిచినన్నాళ్ళు గ్రిట్, గుల్ల పొడి, గుడ్డు పెంకులు ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు తిరిగి పెట్టాలో డాక్టర్ని అడగండి. నీళ్ళలో కలిపే మందుకు ఒక బలహీనత ఉంది. జబ్బుపడిన పక్షి సరిగ్గా నీళ్ళు తాగదు, అంటే మందు ఎక్కువ కావలసినదానికే తక్కువ అందుతుంది. విడిగా నోట్లో వేసేదో, ఇంజెక్షనో ఉందా అని అడగండి. నాలుగో రోజుకే చలాకీగా తిరుగుతోందని ఆపేయకండి.

ఇంట్లో చెయ్యగలిగిందీ, చెయ్యకూడనిదీ

ముందుగా దాన్ని మిగతావాటి నుంచి వేరే గదిలోకి మార్చండి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, ఒక పక్క మాత్రమే హీటింగ్ ప్యాడ్ సన్నటి సెగ మీద పెట్టండి. 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం చాలు. వేడి ఎక్కువైతే అదే రెండో పక్కకు జరుగుతుంది. మసక వెలుతురు, నిశ్శబ్దం, దగ్గరగా గింజలూ నీళ్ళూ ఉంటే చాలు.

నోట్లో నీళ్ళు పొయ్యకండి. గాలి దారి నాలుక మొదట్లోనే ఉంటుంది, ఊపిరిలోకి పోతుంది. పావురం ముక్కు ముంచి పీల్చుకుని తాగే పక్షి. గిన్నె దగ్గర పెడితే ఓపికున్నప్పుడు అదే తాగుతుంది.

ఒళ్ళు వేడిగా తగిలిందని పారాసెటమాల్ చుక్కలు వెయ్యకండి. పావురం ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. విక్స్, కర్పూరం, నూనె పూతలు వద్దు. వాటి ఘాటు దాని ఊపిరికి మంచిది కాదు, నూనె అంటిన ఈకలు చలిని ఆపవు.

ఇప్పుడు గాలి సంగతి. జనవరిలో కిటికీలు మూసి ఉంటాయి. పూజగదిలో అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి, వంటింట్లో ఎండుమిర్చి పోపు మనకే దగ్గు తెప్పిస్తాయి. పక్షి ఊపిరితిత్తులు గాలిలో ఉన్నదాన్ని మనకంటే సమర్థంగా పీల్చుకుంటాయి, పొగనైనా సరే. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా స్టవ్ మీద మాడితే వచ్చే వాసన లేని ఆవిరి నిమిషాల్లో పక్షిని చంపుతుంది. ఇంట్లో పావురం ఉంటే దోసెకు ఇనప పెనమే మేలు. గరాజ్‌లో గూడుంటే అక్కడ కారు స్టార్ట్ చెయ్యకండి. గూట్లో రెట్టల ఘాటు మన ముక్కుకు తగులుతోందంటే పావురానికి ఎప్పుడో తగిలింది. చలిగాలి నేరుగా కొట్టకుండా, పైనుంచి తడిగాలి పోయే దారి ఉంచండి.

కొత్త పావురం తెస్తే 30 రోజులు విడిగా ఉంచాకే పాతవాటితో కలపండి. జబ్బుల్లో చాలామటుకు ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

మన ఊపిరి కూడా చూసుకోవాలి

2025లో ముంబైలో కబూతర్‌ఖానాలు మూసినప్పుడు వాట్సాప్ నిండా భయాలే. భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి.

క్లమిడియా మనకు అంటితే జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తాయి. నిమోనియాగా మారవచ్చు. సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది. గుర్తించాలంటే "మా ఇంట్లో పావురాలున్నాయి" అని ఫ్యామిలీ డాక్టర్‌కు మీరే చెప్పాలి, ఆయన అడగకపోవచ్చు.

రెండోది అంటువ్యాధి కాదు. పావురం ఈకల నుంచి రాలే తెల్లటి పొడి, ఎండిన రెట్టల దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు ఎదురుతిరిగి వాస్తాయి. దీన్ని పావురాలు పెంచేవారి ఊపిరితిత్తుల జబ్బు అంటారు. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా గట్టిపడతాయి. గూడు శుభ్రం చేసిన సాయంత్రాల్లో దగ్గు, ఆయాసం, ఒళ్ళునొప్పులు వస్తుంటే దాన్ని వయసు మీదికి నెట్టకండి.

సూపర్ వీసా మీద అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేను పావురాలను ఇంట్లోకి రానివ్వను. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గర్భిణులు, చంటిపిల్లలు ఉన్న ఇళ్ళలో గూడు శుభ్రం చేసే పని ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు చెయ్యాలి. ఎన్95 మాస్క్ పెట్టుకుని, రెట్టల మీద ముందుగా నీళ్ళు చిలకరించి, తడిపాకే తియ్యాలి. పొడిగా ఊడ్చడం, వాక్యూమ్ పెట్టడం వద్దు.

ఈ వారాంతంలో మూడు పనులు చెయ్యండి. మీ పావురాలను తూచి బరువు రాయండి. పక్షులను చూసే క్లినిక్ నంబర్ కనుక్కోండి. మందుల డబ్బాలో మిగిలిన యాంటీబయాటిక్స్‌ను ఫార్మసీలో తిరిగి ఇచ్చెయ్యండి, ఊరికే తీసుకుంటారు. డబ్బా ఖాళీగా ఉంటే, రాత్రి పదకొండింటికి పావురం తుమ్మినప్పుడు చెయ్యి దాని మీదికి పోదు, ఫ్రిజ్ మీది నంబర్ మీదికి పోతుంది.