మీకు తెలుసా? క్రేనును మోయు కాంక్రీటు స్తంభము

కర్మాగారపు కప్పుక్రింద పట్టాలపై సంచరించుచు మహాభారములను తరలించు ఓవర్‌హెడ్ క్రేను, చూపరులకు తన బరువునంతటిని నిటారుగా నేలకు దింపుచున్నట్లే తోచును గాని, దానిని వహించు స్తంభముపై బలములు మూడు దిక్కులనుండి పనిచేయును. విద్యుత్తుతో నడచు క్రేనుకు, భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 875 ననుసరించి, స్థిర చక్రభారమునకు 25 శాతమువరకు చేర్చి, 10 టన్నులను 12.5 టన్నులవరకు నెంచవలెను. ఎత్తిన సరకును, దానిని మోయు ట్రాలీయును కలిసి 20 టన్నులు తూగినచో, అందు పదవవంతువరకు, అనగా 2 టన్నులవరకు బలము, పట్టాలకు అడ్డముగా త్రోయును. పట్టాల వెంబడి చక్రభారములో 5 శాతము బలము పనిచేయును.

క్రేను పట్టాలుండు దూలమును, అనగా గాంట్రీ గర్డరును, మోయుటకై స్తంభమునుండి వెలికి పొడుచుకొనివచ్చు పొట్టి బ్రాకెట్టును, ఇంజనీర్లు కార్బెల్ అనుదానిని, సాధారణ దూలముగా భావించి లెక్కించుట ప్రమాదకరము. ఏలనన, అందు భారము వాలుగా, సంపీడనరూపమున స్తంభములోనికి దిగును. ఆ వాలు సంపీడనము నిలుచుటకు పైయంచున నున్న ఉక్కుకడ్డీలు లాగుడును సహింపవలెను. ఆ కడ్డీల వెలుపలి కొన గట్టిగా బంధింపబడనిచో ఎంత లావు కడ్డీ వేసినను ఫలమల్పమే. కావుననే ఐ.ఎస్. 456 ప్రకారము కొనయందు అంతే బలముగల అడ్డకడ్డీని వెల్డింగు చేయుదురు, లేదా కడ్డీలనే వెనుకకు మడచి ఉచ్చుగా చేయుదురు. కార్బెల్ పైభాగపు మూడింట రెండు వంతుల లోతులో అడ్డ స్టిరప్పులును, అనగా ఉక్కుచుట్లును, తప్పనిసరి. వాని మొత్తము వైశాల్యము ప్రధానకడ్డీల వైశాల్యములో సగమునకు తగ్గరాదు.

నిర్మాణములో నున్నవారు కాంక్రీటు పోయుటకు పూర్వమే ఈ కొనబంధమును స్వయముగా పరీక్షింతురు గాక.