ర్యామ్ కాదు సేటూ... ప్రశ్న మార్చాలి!

జనవరి నెల. తాండూరులో కందుల సీజన్ జోరు మీదుంది. వికారాబాద్‌లో ఇంట్లో టీ తాగుతుంటే ఫోన్ మోగింది.

"తమ్మీ, కాంటాలు అయినయ్ గానీ తక్‌పట్టీలు వస్తలేవు. కంప్యూటర్ గిరగిర తిరుగుతనే ఉంది. జల్ది రా!"

చేసింది ఓ అడ్తి సేటు. ఆయన, ఇంకొందరు అడ్తిదారులు కలిసి వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ నేను రాసిందే. వెంటనే రైలెక్కేశా.

వెళ్లేసరికి దుకాణం ముందు చాంతాడంత లైన్. 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది అక్కడే బస్తాల్లో ఉంది, పండించిన వాళ్లు మాత్రం చిట్టీ కోసం నిలబడి ఉన్నారు. ఓ పెద్దాయన నన్ను చూసి, "బిడ్డా, కాంటా అయి రెండు గంటలాయె. మా ఊరికి ఆఖరి బస్సు పోతది" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

"కొత్త సర్వర్ కొందామా? ర్యామ్ డబుల్ చేద్దామా?" సేటు రెడీగా ఉన్నాడు. ఒక్క పది నిమిషాలు ఆగమన్నా.

ముందు అడగాలి, తర్వాతే కొనాలి

మాది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. ఎవరు ఏం చేస్తున్నారో, దేని కోసం ఆగి ఉన్నారో చెప్పే పట్టిక అందులోనే ఉంటుంది. పేరు పీజీ_స్టాట్_యాక్టివిటీ. తెరిచి చూస్తే నలభై కనెక్షన్లు పనిలో ఉన్నాయి. లాక్ కోసం ఎదురుచూసేది ఒక్కటీ లేదు. అంటే ఒకరి దారికి ఇంకొకరు అడ్డం పడట్లేదు. అందరూ పనిలోనే ఉన్నారు, పని మాత్రం జరగట్లేదు!

తర్వాత లైనక్స్‌లో వీఎమ్‌స్టాట్ కొట్టా. స్వాప్ అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి. 8 జీబీ ర్యామ్ నిండిపోయి, మెషీన్ మెమరీలోని సరుకును డిస్క్‌కు తోసి, మళ్లీ తెచ్చుకుంటోంది. జబ్బు దొరికింది. కారణం దొరకాలి.

నేరస్తుణ్ని నేనే

సెట్టింగ్స్ ఫైల్ తెరవగానే గుండె జారింది. వర్క్_మెమ్ అనే సెట్టింగ్ 256 ఎంబీ ఉంది. మామూలుగా అది 4 ఎంబీ. పోయిన ఏడాది ఏడాది లెక్కల రిపోర్టు స్లోగా ఉందని పెంచింది నేనే. అప్పుడు రిపోర్టు రయ్‌మని వచ్చింది, సేటు మెచ్చుకున్నాడు, నేను మర్చిపోయా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వర్క్_మెమ్ అంటే డేటాబేస్ మొత్తానికి కలిపి కాదు. ఒక్కో కనెక్షన్‌లో, ఒక్కో క్వెరీలో, ఒక్కో సార్టింగ్ పనికీ అంతవరకు వాడుకోవచ్చని ఇచ్చే పర్మిషన్. యార్డులో నలభై మంది రైతులకు "మీకు కావలసినంత చోట్లో ఆరబోసుకోండి" అన్నట్టు. ఒక్కరే వస్తే హాయి. నలభై మందీ ఒకేసారి వస్తే కాలు పెట్టడానికి చోటుండదు.

మరి ఒక చిట్టీకి అంత మెమరీ ఎందుకు? ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌కు బఫర్స్ జోడించి ఆ క్వెరీని నడిపించా. డేటాబేస్ తాను చేసిన ప్రతి అడుగూ, పట్టిన టైమూ వరసగా చెప్పింది. చిట్టీ మీద రైతు పాత బాకీ రావాలి. నేను రాసిన క్వెరీ ఆ ఒక్క రైతు కోసం అందరి ఖాతాలూ, మొత్తం 15 లక్షల వరుసలు, తేదీల వారీగా పేర్చి, ఆ తర్వాత ఫోన్ నంబరుతో ఒక్కరిని ఏరుకుంటోంది! ఒక్కో పేర్పుకు దాదాపు 180 ఎంబీ. నలభై కలిపితే 7 జీబీ దాటింది. డేటాబేస్ సొంత క్యాష్ ఇంకో 2 జీబీ. ఉన్నది ఎనిమిదే.

ముందు లైన్ కదలాలి

క్వెరీ తిరగరాయడానికి అది టైమ్ కాదు. వర్క్_మెమ్‌ను మళ్లీ 4 ఎంబీ చేసి, సెట్టింగ్స్ రీలోడ్ చేశా. దీనికి సర్వర్ ఆపక్కర్లేదు. ఇప్పుడు సార్టింగ్ డిస్క్ మీద జరుగుతుంది కాబట్టి చిట్టీకి కొన్ని సెకన్లు పడుతుంది. కానీ స్వాప్ ఆగింది, ప్రింటర్ కదిలింది. పెద్దాయన చిట్టీ జేబులో పెట్టుకుని బస్టాండు వైపు గబగబా నడిచాడు.

ఆ రాత్రి అక్కడే కూర్చుని అసలు పని చేశా. ముందు ఫోన్ నంబరుతో రైతును పట్టుకోవాలి, తర్వాతే అతని ఖాతా తీయాలి. క్వెరీని అలా మార్చా. రైతు ఐడీ, తేదీ కలిపి ఒక ఇండెక్స్ కట్టా. 15 లక్షల వరుసల బదులు కొన్ని పదుల వరుసలే చదువుతోంది. చిట్టీ కళ్లు మూసి తెరిచేలోపు వస్తోంది. ఏడాది రిపోర్టుకు మెమరీ కావాలంటే సెట్ లోకల్‌తో ఆ ఒక్క ట్రాన్సాక్షన్‌కే ఇస్తున్నా. అందరికీ కాదు.

మీ డేటాబేస్ మొరాయిస్తే...

* ఎవరు, దేని కోసం ఆగారో ముందు చూడండి. లాకా, డిస్కా, మెమరీనా? మందు దాన్ని బట్టే.
* పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఆన్ చేసి ఉంచండి. మొత్తంగా ఎక్కువ టైమ్ తినే క్వెరీ తెలుస్తుంది. ఒక్కసారి పది సెకన్లు తినేదానికన్నా, రోజుకు లక్షసార్లు అర సెకను తినేదే అసలు దొంగ కావచ్చు.
* మెమరీ సెట్టింగ్ పెంచే ముందు కనెక్షన్ల సంఖ్యతో గుణించండి.
* మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు స్లో క్వెరీ లాగ్ చూడండి. డిఫాల్ట్‌గా 10 సెకన్లు దాటినవే అందులో పడతాయి. ఆ హద్దు తగ్గించుకోండి.
* టెస్టింగ్‌ను సీజన్ రద్దీతో చేయండి. నేను ఒక్కణ్నే, ఒకే ల్యాప్‌టాప్‌తో టెస్ట్ చేశా. అక్కడే దెబ్బతిన్నా.

పొద్దున సేటుకు నిజం చెప్పేశా. తప్పు మెషీన్‌ది కాదు, నాది. ఆయన కాసేపు చూసి, "మరి కొత్త సర్వర్?" అన్నాడు.

"అక్కర్లేదు సేటూ."

"అయితే ఆ పైసలతో షెడ్డు కింద రైతులకు నాలుగు బల్లలు ఏయిస్త" అన్నాడు.

వేయించాడు కూడా. ఇప్పుడు వెళ్లినప్పుడల్లా ముందు ఆ బల్లల వైపే చూస్తా. ఖాళీగా ఉంటే నా క్వెరీ బాగున్నట్టే లెక్క.