తీసిన పుట్టుమచ్చ మల్లొచ్చిందా? పాత రిపోర్టు వెతుకుండ్రి

పదో తరగతి మెమో మీద గుర్తు కింద రాయించుకున్న పుట్టుమచ్చను, పెండ్లి ముంగట తీయించుకునుడు ఇప్పుడు మామూలైంది. కొందరు క్లినిక్కుకు పోతరు, కొందరు బ్యూటీ పార్లరుకు. ఊర్లల్ల సున్నంల బట్టల సోడ కలిపి పెట్టేటోళ్లు ఇంకా ఉన్నరు. తీసిన మూడు నెలలకో ఐదు నెలలకో అదే జాగల మల్ల నల్లగ కనబడుతది. అప్పుడు ఇంట్ల రెండు మాటలు వినబడుతయి. "ఏం గాదు, వేరు మిగిలింది, ఇంకోపారి కాల్పిద్దాం" అని ఒకలు. "అయ్యో, క్యాన్సరేమో" అని ఇంకొకలు.

నేను పాథాలజీ డాక్టర్ని. కోసి పంపిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసుడే నా పని. నన్నడిగితే ఆ రెండు మాటల కంటె ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉన్నది: మొదటిపారి తీసినప్పుడు ఆ ముక్కను ల్యాబుకు పంపిన్రా?

ముందుగాల, మచ్చ ఎందుకు మల్లొస్తదో చూద్దాం. చర్మానికి రంగునిచ్చే కణాలు ఒక్క కాడ గుంపు కడితే అదే పుట్టుమచ్చ. కొన్నిట్ల ఆ గుంపు పైపొరలనే ఉంటది, కొన్నిట్ల వెంట్రుకల కుదుర్ల దాంక దిగుతది. బ్లేడుతోని పైపైన చెక్కినా, కరెంటుతోని కాల్చినా, లేజర్ కొట్టినా అడుగున కొన్ని కణాలు మిగులుతయి. గాయం మానేటప్పుడు అవి మల్ల పైకి పాకుతయి. ఇట్ల వచ్చేటియి ఎక్కువగ ఆరు నెలల లోపల, పాత గాయం గుర్తు లోపలనే కనబడుతయి. చాలామట్టుకు ఇవి క్యాన్సర్ కాదు.

మరి చిక్కు ఏడున్నది? మైక్రోస్కోపు కింద ఉన్నది. మానిన చర్మంల మల్ల మొలిచిన ఈ కణాలు వరుస తప్పి గజిబిజిగ ఉంటయి. చూస్తే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లెక్కనే అనిపిస్తది. 1975ల కోర్న్‌బర్గ్, యాకర్‌మన్ అనే డాక్టర్లు దీనికి 'సూడోమెలనోమా' అని పేరు పెట్టిన్రు. అంటే ఉత్తుత్తి మెలనోమా. దీన్ని గుర్తుపట్టేటందుకు మేం మూడంతస్తులు వెతుకుతం: పైన గజిబిజి కణాలు, నడుమ గాయం మానిన పొర, అడుగున నిమ్మళంగున్న పాత మచ్చ కణాలు. 'ఇది మల్లొచ్చిన మచ్చ' అని చీటి మీద రాయకపోతే, లేని క్యాన్సర్‌ను ఉన్నదని రాసే ప్రమాదమున్నది.

తప్పు రెండో దిక్కు గూడ పోతది. మొదలు తీసిందే మెలనోమా అనుకోండ్రి. పరీక్ష చెయ్యకుంట పారేసి, మల్లొచ్చినప్పుడల్లా కాల్చుకుంట కూసుంటే అది లోపలికి దిగుతది. ఎంత లోతుకు దిగితే పానానికి అంత ముప్పు.

ఏ గుర్తులుంటే ఆగొద్దు? రంగు పాత గాయం గుర్తు దాటి బయటి చర్మంలకు పాకుడు. ఏండ్లు నిమ్మళంగ ఉండి అప్పుడు మొలుసుడు. ఆగకుంట పెరుగుడు, అంచులు వంకరటింకర అవుడు, ఒక్క మచ్చలనే నలుపు, ఎరుపు, నీలం కలిసి ఉండుడు, నెత్తురు కారుడు. మన అసొంటి చర్మమున్నోళ్లకు మెలనోమా తక్కువనే. కానీ వస్తే అరికాలు, అరచెయ్యి, గోరు కింద ఎక్కువ వస్తది. పాటగాడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలు గోరు కిందనే వచ్చింది. 1977ల బయటపడ్డది, 1981ల 36 ఏండ్లకే పోయిండు. అందుకే అరికాలి నల్లమచ్చను ఆనెకాయ అనుకుంట గీకొద్దు.

ఇగ ఏం చెయ్యాలె? పాత రిపోర్టు పట్టుకొని చర్మం డాక్టర్ దగ్గరికి పోవాలె. డెర్మోస్కోపు అనే భూతద్దంతోని చూస్తరు. మామూలు పుట్టుమచ్చనే అని రిపోర్టుల ఉండి, రంగు గాయం గుర్తు లోపలనే ఉంటే, ఫోటో తీసి పెట్టుకొని డాక్టర్ చెప్పినప్పుడల్లా చూపిచ్చుకుంటే చాలు. అందం కోసం మల్ల మల్ల కోపిచ్చుకోవద్దు. ఛాతి, భుజాల మీద కోసిన కాడ కెలాయిడ్ గడ్డ లేసే గుణం మన చర్మానికి ఎక్కువ.

రిపోర్టు లేకున్నా, కణాల తీరు బాగలేదని దాంట్ల రాసి ఉన్నా, పైన చెప్పిన గుర్తులున్నా కాల్పియ్యొద్దు, లేజర్ కొట్టియ్యొద్దు. పాత గాయం గుర్తుతోని సహా కోసి బయాప్సీకి పంపాలె. ఎప్పుడు తీసిన్రు, ఎట్ల తీసిన్రు, ఎన్ని నెలలకు మల్లొచ్చింది అనేది చీటి మీద రాయించాలె. పాత ల్యాబుల స్లైడ్లు ఉంటే అడిగి తెచ్చుకోవాలె. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు చాలా అనుమానాలు తీరుతయి. హైదరాబాద్‌ల ఉస్మానియా, గాంధీ దవాఖానల్ల చర్మం విభాగం, పాథాలజీ రెండూ ఉన్నయి.

ఐదు నిమిషాలల్ల మచ్చ మాయం అని బోర్డు పెట్టేటోళ్లను నేనడిగేది ఒక్కటే: ముక్కను చెత్తబుట్టల వెయ్యకుండ్రి, ఫార్మలిన్ సీసాల వేసి పంపుండ్రి. తీయించుకునేటోళ్లు గూడ ముందే అడగాలె: "ముక్క ఏ ల్యాబుకు పోతది, రిపోర్టు ఎన్నడిస్తరు?" జవాబు రాకపోతే లేసి రావాలె. వచ్చిన రిపోర్టును పదో తరగతి మెమో అంత పదిలంగ దాచుకోవాలె.