'చీర్‌ఫుల్' అను మాట: ముఖము నుండి మనస్సునకు

కానుకల సమయములో మన సంఘములలో తరచుగా వినబడు వచనము 2 కొరింథీయులకు 9:7. అందులో ఇచ్చువాని గూర్చి మన తెలుగు బైబిలు 'ఉత్సాహము' అను మాటను, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు 'చీర్‌ఫుల్' అను మాటను వాడినవి. గ్రీకు మాట 'హిలారోస్'.

చాలా సంవత్సరముల క్రిందట మేము ఈ వచనముపై ప్రసంగించుచు, ఇంగ్లీషులోని 'హిలేరియస్' ఈ గ్రీకు మాట నుండియే వచ్చినది గనుక నవ్వుచు ఇయ్యవలెనని చెప్పితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట, నెల క్రితమే భర్తను పోగొట్టుకొనిన ఒక సహోదరి వచ్చి, "అయ్యగారూ, ఈ వారం నాకు నవ్వు రాలేదండి. నేనేసిన కానుక దేవుడు పుచ్చుకోడా?" అని అడిగెను. ఆ ప్రశ్న మమ్మును తిరిగి నిఘంటువుల యొద్దకు పంపినది.

మొదట 'చీర్' అను మాట చూతము. దీనికి తొలి అర్థము సంతోషము కాదు, ముఖము. కడపటి కాలపు లాటిన్‌లో 'కారా' అనగా ముఖము. అది పాత ఫ్రెంచిలో 'షియెర్' అయి, మధ్యయుగములో ఇంగ్లీషులోనికి వచ్చినది. తరువాత ముఖములో కనబడు మనోస్థితికి ఆ పేరు వచ్చెను. ఆ దినములలో 'చీర్' మంచిదైనను కావచ్చును, దిగులుతో కూడినదైనను కావచ్చును. అందుచేతనే 'గుడ్' అను విశేషణమును చేర్చవలసి వచ్చెను. క్రమేణ ఉల్లాసము, అతిథికి పెట్టు మంచి భోజనము, 18వ శతాబ్దము నాటికి ప్రోత్సాహపు కేక అను అర్థములును కలిగెను. భోజనమునకును ముఖమునకును గల సంబంధము మనకు తెలియనిది కాదు. ముఖము మాడ్చుకొని వడ్డించిన అన్నము గొంతు దిగదు.

కింగ్ జేమ్స్ బైబిలులో 'గుడ్ చీర్' అని ఉన్నచోట్ల ఒకే గ్రీకు మాట లేదు. మత్తయి 9:2, యోహాను 16:33లలో ఉన్నది 'థార్సెయో', అనగా ధైర్యము తెచ్చుకొనుట. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో, తుపానులో చిక్కిన ఓడలో పౌలు వాడినది 'యుథుమెయో', అనగా మనస్సు నిబ్బరముగా ఉంచుకొనుట. ఆ ఓడలోని 276 మందిని పౌలు నవ్వుమనలేదు. భయపడవద్దనెను, భోజనము చేయుమనెను.

ఇక 'హిలారోస్'. ఇది కటాక్షము, ప్రసన్నత అను అర్థమిచ్చు 'హిలెయోస్' అను మాటకు బంధువు. గ్రీకు పాత నిబంధనలో కీర్తన 104:15 నూనె చేత ముఖము ప్రకాశించుటను ఈ కుటుంబపు క్రియతోనే చెప్పుచున్నది. సీరాకు గ్రంథము 35వ అధ్యాయము కానుక ఇచ్చునప్పుడు ముఖము ప్రసన్నముగా ఉంచుకొనుమని బోధించుచున్నది. ఎస్తేరు గ్రంథపు గ్రీకు చేర్పులలో రాజు ఎదుటికి వెళ్లుచున్న ఎస్తేరు ముఖము 'హిలారోన్'గా ఉన్నది, హృదయము మాత్రము భయముతో కుంచించుకొని పోయినది. కాబట్టి లోపల వేదన ఉన్నవారికి సైతము ఈ మాట చెల్లును.

'హిలేరియస్'కు నేడున్న 'కడుపుబ్బ నవ్వించునది' అను అర్థము పౌలు తరువాత అనేక శతాబ్దములకు కలిగినది. దానిని వెనుకకు మోసికొనిపోయి పౌలు నోట పెట్టుట న్యాయము కాదు. మాట పుట్టుక వేరు, వాక్యములో దాని అర్థము వేరు అని జేమ్స్ బార్ 1961లో వెలువడిన తన గ్రంథములో గట్టిగా హెచ్చరించెను. మేము చేసిన తప్పు సరిగా ఇదియే.

మరి పౌలు ఉద్దేశమేమి? ఆ వచనములోనే ప్రసన్నతకు ఎదురుగా రెండున్నవి: ఇచ్చుటకు మనసొప్పని బాధ, ఇతరుల బలవంతము. జీవితములోని దుఃఖము ఆ జాబితాలో లేదు. అంతకు ముందటి అధ్యాయములోనే మాసిదోనియ సంఘములు శ్రమలోను నిరుపేదతనములోను ఉండి ధారాళముగా ఇచ్చిరని అతడే వ్రాసెను.

తరువాతి వారము మేము ఆ సహోదరి ఇంటికి వెళ్లి, "అమ్మా, ఆ రోజు మేము చెప్పినది తప్పు. మీరు ఇష్టముతో వేసితిరి, దేవుడు పుచ్చుకొనెను," అని చెప్పితిమి. ఆమె కన్నీరు తుడుచుకొని మాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చెను.

సహోదర సేవకులారా, కానుకల వేళ నవ్వుమని జనులను ఒత్తిడి చేసినయెడల, పౌలు వద్దనిన బలవంతమునే మనము చేసినవారమగుదుము.