మీకు తెలుసా? హెల్మెట్ అద్దం అద్దమే కాదు

వానలు మొదలు కాకముందే ఇంటి గేటుకు రంగు వేసే పని పెట్టుకున్నాను. బ్రష్షు కడిగాక డబ్బా అడుగున థిన్నర్ కాస్త మిగిలింది. పక్కనే బండికి తగిలించి ఉన్న హెల్మెట్ అద్దం మీద రంగు చుక్క ఒకటి పడి ఎండిపోయి ఉంది. పాత బనియను ముక్క థిన్నర్‌లో ముంచి ఒక్క తుడుపు తుడిచాను. చుక్క మాయం. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు సాయంత్రం ఉట్నూర్ నుంచి ఇంద్రవెల్లి వైపు పోతుంటే ఎండ ఎదురుగా పడింది. కళ్ల ముందు సాలెగూడు! తుడిచిన మేర అద్దమంతా వెంట్రుకల్లాంటి సన్నని బీటలు. మెకానిక్ షాపు కుర్రాడికి చూపిస్తే పగలబడి నవ్వాడు. "థిన్నర్‌తోని తుడిచిండ్రా సార్? గిది అద్దం కాదు, ప్లాస్టిక్. థిన్నర్ పడితే గిట్లనే అయితది."

అందరం అద్దం అంటాం గానీ అందులో గాజు లేదు. మంచి రకం హెల్మెట్ అద్దాలన్నీ పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఈ ప్లాస్టిక్ పుట్టుక కథ తమాషాగా ఉంటుంది. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ష్నెల్ దీన్ని తయారు చేశాడు. వారం తిరిగేసరికి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో డేనియల్ ఫాక్స్ కూడా తయారు చేశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఫాక్స్ వెతుకుతున్నది తీగల మీద పూసే పూత కోసం. గాజు కుప్పెలో కలుపుతున్న ద్రవం కాస్తా కలుపుడు కడ్డీ చుట్టూ ముద్దకట్టి గట్టిపడింది. ఎంత లాగినా రాలేదు. చివరికి కుప్పెనే పగలగొట్టారు. ముద్ద మాత్రం చెక్కుచెదరలేదు. కడ్డీ పిడిగా, ముద్ద తలగా సుత్తి తయారైంది; దాంతో మేకులు కూడా కొట్టారట!

పోలీసులు పట్టుకునే, అటు మనిషి ఇటు కనిపించే డాలు కూడా ఇదే. పాటల సీడీలు ఇదే. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో వ్యోమగాముల గుండ్రని హెల్మెట్ బుడగ కూడా ఇదే. అలాంటి వస్తువు సుత్తి దెబ్బకు లొంగకుండా ఒక్క థిన్నర్ తుడుపుకు ఎందుకు లొంగినట్టు? అచ్చులో వేడిగా వంపు తిరిగి చల్లారినప్పుడు దాని లోపల కొంత బిగువు మిగిలిపోతుంది. స్క్రూ బిగించిన చోట అది ఇంకా ఎక్కువ. థిన్నర్, గోళ్లరంగు తుడిచే అసిటోన్, పెట్రోల్ లాంటివి ఆ ప్లాస్టిక్ అణువుల గొలుసుల మధ్యకు దూరి పట్టు సడలిస్తాయి. అప్పటిదాకా అణగి ఉన్న బిగువు బీటలుగా బయటపడుతుంది. స్క్రూ వదులు కాకుండా మరల మీద వేసే గమ్ చుక్క తగిలినా ఇదే గతి. సబ్బు నీళ్లు మాత్రం ఏమీ చేయవు. దుమ్ము పట్టినప్పుడు పొడి దస్తీతో రుద్దడం కూడా మంచిది కాదు. దెబ్బకు గట్టిదే గానీ గీతకు మెత్తనిది. పైన గట్టి పూత వేసి అమ్మేది అందుకే. ముందు నీళ్లు పోసి దుమ్మును జారనివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ.

ఇలాంటి అద్దాన్నే ఇంట్లో కూర్చుని రంపంతో కోసి, రంధ్రాలు వేసి బిగించుకునే ఆటగాళ్లు ఉన్నారని మీకు తెలుసా? మన గడ్డి మైదానం హాకీలో కాదు, మంచు మీద ఆడే ఐస్ హాకీలో. మన దేశంలో ఆ ఆట ఎక్కువగా ఆడేది లడఖ్‌లో. అందులో బంతి ఉండదు. మూడంగుళాల అడ్డం, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. బరువు 160 గ్రాముల అటూ ఇటూ. ఎగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. కర్రతో కొడితే గంటకు 160 కిలోమీటర్లు దాటుతుంది. అది కంటికి తగిలితే ఇక చెప్పేదేముంది! అయినా అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ముఖానికి అద్దం తప్పనిసరి అయింది 2013లోనే. అది కూడా కొత్తవాళ్లకే. అప్పటికే 26 మ్యాచ్‌లు ఆడినవాళ్లకు వాళ్ల ఇష్టం. మొండితనంలో పెద్ద ఆటగాళ్లకూ, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని తిరిగే మనవాళ్లకూ పెద్ద తేడా లేదు.

నుదుటి నుంచి ముక్కు దాకా వచ్చే ఆ సగం అద్దాన్ని విడిగా కొని, హెల్మెట్‌కు రెండు కణతల దగ్గరా స్క్రూలతో బిగిస్తారు. హెల్మెట్ ఒక కంపెనీది, అద్దం ఇంకో కంపెనీది అయితే రంధ్రాలు కలవవు. కింది అంచు ముక్కుకు తగులుతుంటుంది. అక్కడే చేతి పనిముట్లు బయటికి వస్తాయి. ఆ పద్ధతి మన బండి హెల్మెట్ అద్దానికీ పనికొస్తుందేమోనని, థిన్నర్‌తో పాడు చేసిన అద్దాన్నే ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎలాగూ పోయిందే కదా!

మొదటి రంధ్రం కరెంటు డ్రిల్లుతో చెడగొట్టాను. అది గిర్రున తిరిగేసరికి ప్లాస్టిక్ తురుము కరిగి బిట్టుకే జీడిలా చుట్టుకుంది, రంధ్రం అంచు ఉబ్బింది. పాలికార్బొనేట్ 147 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. రాపిడికి అదెంత సేపు! చేత్తో తిప్పే డ్రిల్లయితే ఆ బాధ లేదు. అద్దానికి రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, దాని మీదే పెన్సిలుతో గీత గీశాను. కింద వంపుకు సరిపోయే చెక్కముక్క ఆనించాను. ముందు సన్నని బిట్టు, తర్వాత లావుది. బిట్టు అవతలికి తేలే చివరి క్షణంలోనే ప్లాస్టిక్‌ను పట్టి లాగుతుంది, పగిలేది కూడా అప్పుడే. అక్కడ చెయ్యి తేలిక చేసి, చెక్కలోకి దిగేదాకా మెల్లగా తిప్పాలి. కోతకు సన్నపళ్ల హాక్సా బ్లేడు చాలు. గీత మీద కాకుండా రెండు మిల్లీమీటర్లు బయటికి కోసి, మిగిలింది ఆకురాయితో అరగదీయాలి. ఆకురాయి ఎప్పుడూ ఒకే వైపుకు, ముందుకు తోసేటప్పుడే. తర్వాత 220 నంబరు ఉప్పుకాగితం, 400, చివర నీళ్లలో తడిపిన 800. వేలి గోరు అంచు వెంట జారిస్తే ఎక్కడా తట్టుకోకూడదు. ఆ తట్టుకున్న గంటే రేపటి బీట. లోపలి మూలలు చదరంగా కోయకూడదనేదీ అందుకే. మూలలో ముందు చిన్న రంధ్రం వేసి, కోతను ఆ రంధ్రంలోకి తెచ్చి ఆపితే మూల గుండ్రంగా వస్తుంది.

రంధ్రం స్క్రూకు సరిగ్గా సరిపోతే పని బాగా వచ్చిందనుకుంటాం. తప్పు! ఇనుము కంటే ఈ ప్లాస్టిక్ వేడికి అయిదు రెట్లు పైనే సాగుతుంది. మా ఏజెన్సీలో పుష్యమాసపు తెల్లవారుజామున ఎనిమిది డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం నలభై అయిదు అనుకుందాం. ఇరవై సెంటీమీటర్ల అద్దం ఆ తేడాకు అర మిల్లీమీటరు పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే స్క్రూ దగ్గర బిగుసుకుని అక్కడే చిట్లుతుంది. కాబట్టి రంధ్రం స్క్రూ కంటే కాస్త పెద్దది ఉండాలి. స్క్రూ తల కింద మెత్తని రబ్బరు వాషరు వేసి, బిగించాక పావు తిప్పు వెనక్కి వదలాలి.

ఈ పనితనం అద్దం వరకే. హెల్మెట్ గుల్లకు బరమా పెట్టకండి. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బండి హెల్మెట్ తయారు చేయడమూ అమ్మడమూ నేరం. ఆ గుర్తు ఐఎస్ 4151 పరీక్షలు దాటిన గుల్లకే గానీ, మీరు రంధ్రం వేసినదానికి కాదు. కోసిన అద్దానికీ అదే మాట వర్తిస్తుంది. రోడ్డు మీదికి కొత్త అద్దమే కొనుక్కోండి. కొన్ని వందలతో పోయేదానికి కళ్లను పందెం కాయడమెందుకు?

మళ్లీ ఐస్ హాకీకి వద్దాం. ఒక ముసుగే ఆ ఆట తీరును మార్చిన రోజు ఒకటుంది. 1959 నవంబర్ 1, న్యూయార్క్. మాంట్రియల్ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ ముఖానికి బిళ్ల తగిలి ముక్కు చీలింది. కుట్లు వేయించుకుని వచ్చి, ప్రాక్టీసులో మాత్రమే పెట్టుకునే ఫైబర్‌గ్లాస్ ముసుగు ఇస్తేనే దిగుతానన్నాడు. కోచ్‌కు అది ఇష్టం లేదు, కానీ ఇంకో గోల్‌కీపర్ లేడు! తర్వాత బోస్టన్ గోల్‌కీపర్ గెరీ చీవర్స్ ఇంకో వేషం వేశాడు. ముసుగు లేకపోతే తన ముఖం మీద ఎక్కడెక్కడ కుట్లు పడేవో అక్కడల్లా ముసుగు మీద నల్లరంగుతో కుట్లు గీయించుకున్నాడు. ఆట మీద ఆట గడిచేకొద్దీ ముసుగంతా కుట్లే. ఇంతకంటే సొగసైన హెల్మెట్ అలంకారం నేను వినలేదు.

క్రికెట్ హెల్మెట్ అయితే ఏకంగా బండి హెల్మెట్ నుంచే పుట్టింది. 1977లో ఇంగ్లండ్ బ్యాటర్ డెనిస్ ఎమిస్ మోటార్‌సైకిల్ హెల్మెట్‌ను మార్పించి, ముందు పాలికార్బొనేట్ అద్దం పెట్టించుకుని ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ నడిపిన క్రికెట్ పోటీల్లో దిగాడు. చెవులు మూసుకుపోయి అవతలి బ్యాటర్ పిలుపు వినపడక ఇబ్బంది పడ్డాడట. మన హాకీ గోల్‌కీపర్లకు అద్దం కాదు, ఇనుప జాలీ. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లి నుంచి వచ్చి భారత మహిళల జట్టు గోల్ కాసిన ఎతిమరపు రజని ముఖం మీదా ఆ జాలీయే చూస్తాం. జాలీకి మసక పట్టదు, చెమట చుక్క నిలవదు.

తలకు పెట్టుకునేది చేతులారా కట్టుకోవడం మా ఉట్నూర్ ప్రాంతానికి కొత్త కాదు. దీపావళి వేళ దండారి పండుగ వచ్చిందంటే గోండు గూడేల్లో గుస్సాడీ నాట్యగాళ్లు నెమలి ఈకల కిరీటాలు దించుతారు. అదే మల్‌బూర. వెదురు, గుడ్డ, దారం, ఈకలు. వంగినప్పుడు జారకూడదు, చిందు వేసినప్పుడు ఊగాలి. 2021లో పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ కనకరాజుది ఇక్కడికి దగ్గరలోని మార్లవాయి. ఆ కిరీటం కట్టేవాళ్ల వేళ్లు చూశాక, నా మాస్కింగ్ టేపు పని చూసుకుంటే నవ్వొచ్చింది.

చలికాలంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు తెల్లారుజామునే బయలుదేరేవాళ్లకు ఒక చిట్కా చెప్పాలి. హెల్మెట్ అద్దం లోపలి వైపు మసక పట్టడానికి బయటి మంచు కారణం కాదు, మన ఊపిరే. వెచ్చని తడి గాలి చల్లని ప్లాస్టిక్‌కు తగిలి చిన్న చిన్న బొట్లవుతుంది. ఒక్కో బొట్టు వెలుగును ఒక్కో దిక్కుకు విరిచేస్తుంది. వేలి కొసంత పాత్రల సబ్బు లోపలి వైపు రాసి, మెత్తని గుడ్డతో మెరిసేదాకా తుడిచేయండి. మిగిలిన పల్చటి పొర నీటి తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి బొట్లు కట్టవు, ఒకే పొరగా పరుచుకుంటాయి. రెండు మూడు రోజులు పనిచేస్తుంది. పళ్లపేస్టు రాయమనేవాళ్లూ ఉంటారు. వినకండి, అందులో గీరే పొడి ఉంటుంది.

నా థిన్నర్ అద్దం సంగతా? అంచులు అరగదీసి, నాలుగు రంధ్రాలతో, రబ్బరు వాషర్లతో గేటు దగ్గరి కాలింగ్ బెల్ మీద గొడుగులా బిగించాను. ఈ వానాకాలం బెల్లు ఒక్కసారి కూడా తడవలేదు. సాయంత్రం ఎండ పడితే సాలెగూడు మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది.