పొరుగు తగవులు - ప్రభుత్వ ద్రవ్యము

రెండిండ్ల నడుమ ప్రహరిగోడ యొకటి. వానకాలమందు ఒకయింటి చూరునీరు రెండవయింటి పెరటిలో పడి గోడ నానెను. అంతవరకు పేరంటములకు ఒకరినొకరు పిలుచుకొనుచుండిన ఇల్లాండ్రిరువురును మాటలాడుట మానిరి. పురుషులు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఇది మా వీధిలో జరిగిన సంగతి. తొమ్మిదేండ్లు గడచినవి. వకీళ్ళ రుసుములును, వాయిదాలకు పోయివచ్చు ఖర్చులును కలిసి గోడ వెలకు పెక్కురెట్లయ్యెను. ఒక ఇల్లాలు చేతిగాజులు కుదువపెట్టెను. ఆ చూరునీరు మాత్రము నేటికిని అచ్చటనే పడుచున్నది.

సోదరీమణులారా! ఇట్టి తగవు లేని వీధి యేది? మనదేశమందు జిల్లా న్యాయస్థానములలోను, వానికి లోబడిన న్యాయస్థానములలోను తీర్పునకై నిలిచియున్న వ్యాజ్యములు 4 కోట్లకు మించినవి. వానిలో న్యాయాధిపతి తీర్పు లేనిదే తీరనివి పెక్కులు కలవు. కాని చూరునీరు, కాలువ, దారి, పశువులు పైరు మేయుట, చేబదుళ్ళు, అన్నదమ్ముల పంపకములందలి చిన్న చిక్కులు - ఇవి తీర్పుకంటె ముందు మంచిమాటను కోరునవి. తీర్పులో ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు. మరునాటి ఉదయమున ఇరువురును ఆ గోడకు ఇరుప్రక్కలనే బ్రతుకవలెను. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఉభయుల మాటలను వేరువేరుగను, కలిపియు విని, వారు సమ్మతింపగల మార్గమును వారి నోటనే చెప్పించును.

ఇది మనకు క్రొత్త కాదు. యాజ్ఞవల్క్యస్మృతి రాజు నియమించిన న్యాయాధికారుల తరువాత పూగము, శ్రేణి, కులము అను సభలను పేర్కొన్నది. పూగమనగా ఒకచోట నివసించు భిన్నజాతులవారి కూటమి. అనగా ఇరుగుపొరుగువారి సభ. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దముననే కేతన తెనిగించెను. ఇక శ్రీకృష్ణ రాయబారము నెరుగని యిల్లు లేదు. ఐదూళ్ళిచ్చినను చాలునని పాండవులు దిగివచ్చిరి. దుర్యోధనుడు వినలేదు. పదునెనిమిది దినములలో పదునెనిమిది అక్షౌహిణులు నేలగూలెను. సంధియత్నము ప్రతిసారియు ఫలింపదు, నిజమే. ఐనను యత్నమునకైన వ్యయమెంత, యుద్ధమునకైన వ్యయమెంత?

“ఊరిపెద్దలు ఊరకయే తగవులు తీర్చెడివారు గదా, దీనికి ప్రభుత్వ ద్రవ్యమేల?” యని కొందరడుగుదురు. నేను చెప్పదలచిన దంతయు ఇచ్చటనే యున్నది. ఆ తగవులు ఊరక తీరలేదు. ఉభయపక్షములును పెద్దల చేతిలో ధరావతు ఉంచవలసియుండెడిది. కలవాడు ఉంచెను, లేనివాడు అప్పుచేసెను, లేదా నోరు మూసికొనెను. పెద్దలు ఎవరి అరుగుపై కూర్చుండిరో, ఎవరి యింట భోజనము చేసిరో, వారి మాటకు బరువు హెచ్చెను. రచ్చబండమీద స్త్రీకి చోటు లేదు. ఆమె సంగతి ఆమె పరోక్షమున తేలిపోయెను. ఇష్టపడిన యుక్తవయస్కుల వివాహములకు కులపెద్దలు అడ్డుపడుట చట్టవిరుద్ధమని 2018లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పవలసి వచ్చెను. తగవు తీర్చుటకగు ఖర్చును ఎవరో ఒకరు భరింపక తప్పదు. ఒక పక్షము భరించినచో మధ్యవర్తి ఆ పక్షమునకు ఋణపడును. అందరి సొమ్ముతో నడచినప్పుడే అతడు అందరివాడగును.

పొరుగుననున్న శ్రీలంకను చూడుడు. ఆ దేశము 1988లో మధ్యవర్తిత్వ మండలుల చట్టమును చేసినది. మధ్యవర్తులు జీతము తీసికొనరు. వారిలో పెక్కురు తమ ప్రాంతములందు గౌరవము పొందినవారు. వారికి శిక్షణమిచ్చుటయు, మండలులను నడుపుటకగు ఖర్చును ప్రభుత్వము చూచుకొనును. ఒక్కొక్క పక్షము ఒక్కొక్క మధ్యవర్తిని ఎన్నుకొనును; ఆ యిరువురును మూడవవారిని ఎన్నుకొందురు. చట్టము నిర్ణయించిన మొత్తమునకు లోబడిన పెక్కు తగవులు మొదట ఇచ్చటికే రావలెను. సంధి పొసగనిచో, పొసగలేదని పత్రము పొంది న్యాయస్థానమునకు పోవచ్చును.

మనకును ఆధారము లేకపోలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టము, ఒక ప్రాంతపు శాంతిసామరస్యములకు భంగము కలిగింపగల తగవులను ఉభయుల సమ్మతితో ముగ్గురు మధ్యవర్తుల యెదుట తీర్చుకొను మార్గమును చెప్పినది. మధ్యవర్తిత్వ నిధి యను మాటయు అందు కలదు. ఈ సామాజిక మధ్యవర్తిత్వమున కుదిరిన ఒడంబడిక న్యాయస్థానపు డిక్రీవలె అమలు జరుగదు; ఇచ్చిన మాట నిలుపుకొనుటయే దాని బలము. కావుననే మధ్యవర్తులు నిష్పక్షపాతులని ఊరు నమ్మవలెను. అట్టి నమ్మకము చట్టమున వ్రాసినంతమాత్రమున పుట్టదు. ఊరూర దానికొక చోటును, దానికి తగిన సొమ్మును కావలెను.

ఇందులకు మేడలక్కరలేదు. మండలమునకొక గది, వారమునకు రెండు దినములు, కాగితములు వ్రాయుటకొక గుమాస్తా, మధ్యవర్తులకు శిక్షణము, వారి ప్రయాణపు ఖర్చులు - ఇంతియే. ముగ్గురిలో ఒకరైనను స్త్రీ కావలెను. పిల్లలను చంకనిడుకొని వచ్చు తల్లులకు కూర్చుండుటకు నీడయు, త్రాగుటకు నీరును ఉండవలెను. వెచ్చించిన ప్రతి రూపాయి లెక్కయు గ్రామసభలో చదువవలెను.

ఒక్క హద్దు మాత్రము దాటరాదు. కొట్టుట, హింసించుట, కట్నమునకై వేధించుట - వీనికి “సర్దుకొని పొమ్ము” అని చెప్పుట మధ్యవర్తిత్వము కాదు. అట్టి స్త్రీని 2005 నాటి గృహహింస చట్టపు రక్షణకు చేర్చుటయే మధ్యవర్తుల ధర్మము.

సోదరీమణులారా! అత్తాకోడళ్ళ నడుమ, తండ్రీకొడుకుల నడుమ దినమునకు పది రాయబారములు నడపువారము మనమే. ఆ నేర్పునకు ఊరిలో ఒక పీట వేయుడని అడుగుటకు సంకోచమేల? మీ మహిళా సంఘములలోను, స్వయంసహాయక సంఘములలోను ఈ విషయమును చర్చింపుడు. ఓట్లకై గడపకు వచ్చువారిని దీనికి సొమ్ము కేటాయింతురా యని సూటిగ నడుగుడు. మా వీధిలోని ఆ యిల్లాండ్రిరువురి కూతుళ్ళును ఒకే పాఠశాలలో చదువుచున్నారు. ఎదురుపడినప్పుడు తలలు త్రిప్పుకొని పోవుచున్నారు. పెద్దల ఆస్తి వారికి వచ్చినను రాకున్నను, ఆ గోడ తగవు మాత్రము వారికి సంక్రమింపకుండు గాక!