కాగితం తడిస్తే కొలువు చేజారాలా?

విజయవాడ: రాతపరీక్ష గట్టెక్కి, ఇంటర్వ్యూలో నెగ్గి, కంపెనీ వారు ఎంపిక జాబితాలో పేరు చేర్చాక కూడా ఉద్యోగం చేతికి వచ్చినట్లు కాదు. "అసలు సర్టిఫికెట్లు తీసుకురండి" అన్న చివరి మెట్టు ఒకటి మిగిలి ఉంటుంది. బుడమేరు పక్కన కాపురముండే కుటుంబాల పిల్లలకు ఆ మెట్టే కొండంత కష్టంగా పరిణమించింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నగరం మీద విరుచుకుపడిన సంగతి ఎవరూ మరువలేదు. వెలగలేరు దిగువన మళ్లింపు కాల్వకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ నీట మునిగాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11 లక్షల 43 వేల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం చూపింది. రోజుల తరబడి నీరు నిలిచిన ఇళ్లలో బియ్యం, బట్టలతో పాటు బీరువా అడుగు అరలో దాచిన పదో తరగతి మెమోలు, ఇంటర్ మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు కూడా బురద పాలయ్యాయి. బియ్యం మళ్లీ కొనుక్కోవచ్చు. సర్టిఫికెట్ బజారులో దొరికేది కాదు.

ఈ సీమకు ఇది కొత్త కష్టం కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ పల్లెలకు పల్లెలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రోజుల్లో ఇంట్లోని కాగితం పోతే దాని ఆనవాలు కోసం బడి అడ్మిషన్ రిజిస్టరునో, బోర్డు దస్త్రాలనో ఆశ్రయించడమే దారి. ఇప్పుడు దారులు పెరిగాయి. అవి తెలియకనే చాలామంది బెంగ పెట్టుకుంటున్నారు.

తడిసిన కాగితం పారేయవద్దు

తడిసి ముద్దయినా సరే, కాగితాన్ని చెత్తలో వేయరాదు. ఎండలో పెట్టడం, ఇస్త్రీ చేయడం మంచిది కాదు. తెల్ల కాగితాల మధ్య ఉంచి నీడన ఆరబెట్టాలి. లామినేషన్ ఉంటే బలవంతంగా పీకరాదు. ఎందుకంటే పోయిన సర్టిఫికెట్ వేరు, పాడైన సర్టిఫికెట్ వేరు. పాడైన అసలును తిరిగి అప్పగించి కొత్తది కోరడం సులభం. పూర్తిగా పోయినదానికైతే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. వెతికినా దొరకలేదన్న వారి పత్రం తీసుకోవాలి. స్టాంపు కాగితం మీద ప్రమాణ పత్రం రాయాలి. వీటన్నిటికీ రోజులు పడతాయి.

పదో తరగతి నకలుకు చదివిన బడి ప్రధానోపాధ్యాయుని ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటర్ పత్రాలకు ఇంటర్మీడియట్ బోర్డును, డిగ్రీ పత్రాలకు ఆ విశ్వవిద్యాలయ పరీక్షల విభాగాన్ని, టీసీకి చదివిన కాలేజీనే అడగాలి. కృష్ణా విశ్వవిద్యాలయం విద్యార్థి మచిలీపట్నం వైపు, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థి నంబూరు వైపు, కాకినాడ జేఎన్టీయూ అనుబంధ కాలేజీల విద్యార్థి కాకినాడ వైపు చూడవలసిందే. ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది హాల్ టికెట్ నంబరు, ఉత్తీర్ణత సంవత్సరం. ఈ రెండూ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నవారికి సగం పని అయినట్లే.

సెల్‌ఫోనులోనే సర్టిఫికెట్

నకలు చేతికి వచ్చేలోగా ఆదుకునేది డిజీలాకర్. కేంద్ర ప్రభుత్వం 2015లో దీనిని ప్రారంభించింది. బోర్డులు, విశ్వవిద్యాలయాలు నేరుగా అందులో ఉంచిన పత్రాలు చట్టరీత్యా అసలుతో సమానం. ఇక్కడ ఒక మెలిక ఉంది. విద్యార్థి తానే ఫొటో తీసి ఎక్కించుకున్న కాగితానికి ఆ విలువ లేదు. పత్రాన్ని జారీ చేసిన సంస్థే ఇచ్చి ఉండాలి. ఆధార్‌కు జతపడిన ఫోను నంబరు పనిచేస్తూ ఉండాలి. పాత సంవత్సరాల పత్రాలు కొన్ని దొరక్కపోవచ్చు గనుక, ఎంపికల రుతువు రాకముందే చూసుకోవడం తెలివి.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవ ఉండనే ఉంది. 2025 జనవరిలో మొదలైన 'మన మిత్ర' ద్వారా వాట్సాప్‌లో కూడా పలు ప్రభుత్వ సేవలు అందుతున్నాయి.

కాగితం పోకపోయినా చేతిలో లేని సందర్భం మరొకటి ఉంది. ఫీజు బకాయి పేరుతో కాలేజీలే అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం. అలా ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చింది. ప్రవేశ సమయంలో సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలన్నది దాని సారాంశం. రాతపూర్వకంగా అడిగి, అందినట్లు సంతకం తీసుకోవడం విద్యార్థి హక్కు.

చేసిన పనికి సాక్ష్యమేది?

డిగ్రీ తర్వాత ఏడాది రెండేళ్లు ఎక్కడో పనిచేసి, మళ్లీ ఎంబీఏలోనో, ఎంసీఏలోనో చేరిన వారిది ఇంకో తంటా. ఆ పాత ఉద్యోగపు అనుభవ పత్రం, విడుదల పత్రం కావాలంటారు. పాత సంస్థ మూతపడితే ఎవరిని అడగాలి? భవిష్య నిధి కోత పడిన జీతమైతే భయం లేదు. 2014 నుంచి అమల్లో ఉన్న యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పాసుపుస్తకం తీస్తే ఏ సంస్థలో ఏ నెల నుంచి ఏ నెల వరకు చందా పడిందో కనిపిస్తుంది. దానికి తోడు జీతం జమ అయిన బ్యాంకు ఖాతా వివరాలు, ఫారం 16 జత చేయవచ్చు.

ఆటోనగర్ షెడ్డులోనో, వన్‌టౌన్ దుకాణంలోనో చేతికి డబ్బు తీసుకుని పనిచేసిన వారికి ఇవేవీ ఉండవు. యజమాని వద్ద చిరునామా, ఫోను నంబరు, పనిచేసిన తేదీలతో ఒక ఉత్తరం రాయించుకోవడం మేలు. అదీ కుదరకపోతే ఉన్నది ఉన్నట్లు చెప్పడమే క్షేమం. ఇకపై చేరేవారు మాత్రం మొదటి రోజే నియామక పత్రం అడిగి తీసుకోవాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఆ పత్రం ఇవ్వడాన్ని యాజమాన్యాల బాధ్యతగా చేశాయి.

దొంగ కాగితం దారి వద్దు

అనుభవ పత్రాలు 'తయారు చేసి' ఇస్తామనే వారు ప్రతి పట్టణంలోనూ తగులుతారు. కంపెనీలు ఇప్పుడు తనిఖీ పనిని ప్రత్యేక సంస్థలకు అప్పగిస్తున్నాయి. అవి నేరుగా బోర్డుకు, విశ్వవిద్యాలయానికి, పాత యజమానికి రాసి కనుక్కుంటాయి. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఉద్యోగం ఊడుతుంది. కేసు కూడా కావచ్చు. పోయిన కాగితాన్ని ఎవరైనా మన్నిస్తారు గానీ దొంగ కాగితాన్ని మన్నించరు.

అందుచేత ఎంపికైన నాడే కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారికి విషయం చెప్పాలి. ఫిర్యాదు రసీదు, నకలు దరఖాస్తు రసీదు, డిజీలాకర్ ప్రతి జతచేసి, ఫలానా తేదీలోగా నకలు ఇస్తానని రాసి గడువు కోరాలి. మాటగా అడిగినదానికంటే రసీదులతో అడిగినదానికి విలువ ఎక్కువ.

చేతులు కాలాక ఆకులు పట్టుకునేకంటే, కంపెనీలు రాకముందే కానూరు, మైలవరం, గుడ్లవల్లేరు వంటి చోట్ల కాలేజీలు ఆఖరి సంవత్సరం విద్యార్థుల కాగితాలన్నీ ఒకసారి సరిచూస్తే ఎంతో మేలు. ముంపు పేటల పిల్లల నకలు దరఖాస్తులను అధికారులు వరుసలో ముందుకు జరపవలసి ఉంది. బుడమేరు మళ్లీ పొంగవచ్చు. అప్పటికి బీరువా అడుగు అరలోని కాగితాలు పై అరకు చేరాలి.